రాజ్యలక్ష్మి గారి తాత్కాలిక వంతెన

ఇవాళ పొద్దున క్లినిక్‌లో లవంగ నూనె సీసా నా చేయి జారి పగిలింది. ఎన్నిసార్లు తుడిచినా, కిటికీలన్నీ తెరిచినా సాయంత్రం దాకా ఆ ఘాటు పోలేదు. వచ్చిన వాళ్లంతా అమ్మమ్మ వాసన, వంటింటి వాసన అంటూ మురిసిపోయారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ వాసన తగిలితే చాలు, నా వెనకాల ఎవరో నిలబడి "మళ్లీ చెయ్యి" అన్నట్టుంటుంది. ఆ ఎవరో రాజ్యలక్ష్మి గారు. నాకు పళ్ల వైద్యం చదువు చెప్పింది కాలేజీ, పని నేర్పింది ఆవిడ. ఆవిడ దగ్గర పనిచేసిన కాలమంతా నేను విసుక్కుంటూనే బతికాను.

ఆవిడ హౌరా పక్క సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో ఫిట్టరుగా చేరాడట. ఈవిడ డెంటిస్టయ్యాక చౌరంగీ లాంటి డబ్బున్న పేటల వైపు వెళ్లకుండా హౌరాలోనే టికియాపారాలో, రైలు వెళ్తే అద్దాలు గడగడలాడే ఒక మేడ కింద క్లినిక్ పెట్టుకుంది. మా నాన్న బ్యాంకు ఉద్యోగం మీద కలకత్తా వచ్చారు. నేను గుంటూరు తెలుగు మాట్లాడుతూ, కొత్త డిగ్రీ చేత్తో పట్టుకుని అక్కడికి వెళ్లాను. మొదటి రోజే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా సుధా, బ్రిడ్జి అంటే ఏటో అదిగో ఆ ముసిలాయనకి సెప్పు, సూద్దాం" అంది. చెప్పాను. ఆ ముసలాయన సగంలోనే నిద్రపోయాడు. "మళ్లీ చెయ్యి" అంది.

అది ఆవిడ పద్ధతి. కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ జరగబోయేదంతా చెప్పాలి, చెప్పింది వాళ్ల నోటితో తిరిగి చెప్పించాలి. పన్ను విరిగితే చుట్టూ అరగదీసి పైన తొడిగే టోపీ క్రౌన్. పన్నే ఊడిపోతే అటూ ఇటూ ఉన్న పళ్లని అరగదీసి, వాటికి రెండు టోపీలు, వాటి మధ్య వేలాడే ఉత్తుత్తి పన్ను, మూడింటినీ ఒకటే ముక్కగా చేసి అతికిస్తే బ్రిడ్జి. ఇంత చెప్పాక ప్రతి ఒక్కరూ కళ్లు మెరిపిస్తూ "ఓ, మన హౌరా బ్రిడ్జిలాగా! నీళ్లలో స్తంభం లేదు, రెండు గట్ల మీదే నిలబడింది" అనేవారు. లోకంలో ఆ పోలిక మొదట తమకే తట్టినట్టు నవ్వేవారు. నేనూ నవ్వాలి. రోజుకి ఎంతమంది వస్తే అంతమందికీ నవ్వాలి. బయట బెంచీ మీద జనం, లోపల నేను వంతెన పాఠం. ఎర్రజెండాల వాళ్లు బంద్ పిలిచి ట్రాములూ బస్సులూ ఆగిపోయిన రోజున కూడా, "నీకు కాళ్లున్నాయి కదేటి" అని ఫోను చేసి హౌరా స్టేషన్ దగ్గర్నుంచి నడిపించింది. ఆ రోజు వచ్చిన పేషెంటు ఒక్కడే. వాడికీ పాఠం చెప్పించింది.

అప్పలమ్మ అలాంటి రోజుల్లోనే వచ్చింది. మునిసిపాలిటీలో చెత్తబండి తోసే మనిషి. ఈల ఊదుకుంటూ సందుల్లో తిరిగితే ఇళ్లవాళ్లు చెత్త తెచ్చి పోసే బండి అది. మురిక్కాలవ పలక మీద జారిపడి పైవరస ముందు పళ్లు రెండూ పోయాయి. పళ్లు లేక ఈల పట్టు నిలవడం లేదు, ఊదితే గాలి తప్ప చప్పుడు లేదు. ఇలాగే ఉంటే బండి ఇంకొకరికిచ్చి తనని మళ్లీ కాలవల్లోకి దింపుతారని ఆమె భయం. "నాకు పళ్లు బేగి ఎట్టేయండి డాట్రమ్మా, ఈల పలకాల, అంతే" అంది.

నాకు ఆమె నచ్చింది. పని కూడా శ్రద్ధగా చేశాను. పక్క పళ్లు అరగదీశాను, చిగురు కాస్త జరగడానికి సన్నని దారం పెట్టాను, రబ్బరు ముద్దతో అచ్చు తీశాను, రంగు చూసి ల్యాబుకి పంపాను. పింగాణీ బ్రిడ్జి తయారై వచ్చేలోగా అరగదీసిన పళ్లు జివ్వుమనకుండా ప్లాస్టిక్కుతో తాత్కాలిక బ్రిడ్జి చేసి, లవంగ నూనె కలిపిన సిమెంటుతో అంటించాను. ఆ సిమెంటు పట్టు తక్కువ, కావాలంటే లాగితే వచ్చేస్తుంది. అప్పలమ్మ అక్కడే ఈల ఊది చూసుకుని వెళ్లింది.

తర్వాతిసారి వచ్చేసరికి ఆ బ్రిడ్జి వెనక వైపంతా గోధుమరంగుకి తిరిగి, బుడగలు లేచి ఉంది. ప్లాస్టిక్ పొడిలో లోపమనుకుని మళ్లీ చేశాను. మళ్లీ అంతే. వేడి టీ తాగావా అని అడిగాను, లేదంది. వేపుళ్లు తిన్నావా, లేదంది. నేను పొడి అమ్మినవాణ్ణి తిడుతూ ఉంటే, రాజ్యలక్ష్మి గారు కాలిన ముక్కని వేళ్ల మధ్య తిప్పి నాకు చూపించింది.

"ముందుపక్క తెల్లగా ఉన్నాది. కాలింది నాలిక పక్క. అంటే నిప్పు ఎక్కడున్నట్టు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ అప్పలమ్మ వైపు తిరిగి, "తియ్యి, దాచకు" అంది. అప్పలమ్మ సిగ్గుపడుతూ బొడ్లోంచి చుట్ట తీసి, వెలిగించి, వెలిగిన కొసని నోట్లోకి తిప్పి పెదాలు మూసేసింది. అడ్డపొగ అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను. గాలికీ వానకీ ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి, చెత్త కంపు ముక్కుకి తగలదు. శ్రీకాకుళం నుంచి తల్లులు తెచ్చుకున్న అలవాటు, హౌరాలో కూతుళ్లకీ ఉంది.

రాజ్యలక్ష్మి గారు చుట్ట పారేయించి, ఆమె తల వెనక్కి వంచి అంగిలి చూపించింది. తెల్లగా మందంగా అయిన చర్మం, దాని మీద ఎర్రటి చుక్కలు, ఒక పక్క నాకే అనుమానం వేసిన మచ్చ. ఇన్నాళ్లూ నేను ఆ నోట్లో పళ్లే చూశాను. ఆసుపత్రికి పంపి ముక్క తీయించి పరీక్ష చేయిస్తే, ఇంకా క్యాన్సర్ కాలేదు, అడ్డపొగ మానకపోతే అవుతుంది అని చెప్పారు.

ఈలోగా పింగాణీ బ్రిడ్జి వచ్చేసింది. ఎంత బాగా కుదిరిందో! రాజ్యలక్ష్మి గారు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

"పింగాణీకి నిప్పు లెక్కేంటండీ, కొలిమిలో కాలి వచ్చిందే కదా!" అన్నాను కోపంగా.

"కాలదు. అందుకే పెట్టను. ప్లాస్టిక్ అయితే ఇది చుట్ట మానిందో లేదో మనకి సెప్తాది. పింగాణీ నోరు మూసుకుంటాది."

అప్పటినుంచి నా బతుకు తాత్కాలిక బ్రిడ్జిలు చేయడమే అయింది. అప్పలమ్మ రావడం, "మానేసినానమ్మా, ఒట్టు" అనడం, కాలిన బ్రిడ్జి ఆమె మాట అబద్ధమని చూపించడం, ఆవిడ తిట్టడం, నేను మళ్లీ చేయడం. ఇద్దరూ ఇద్దరే. ఒకరు మానరు, ఒకరు పెట్టరు. మధ్యలో ప్లాస్టిక్ పొడి పీలుస్తూ నేను.

ఒకరోజు బ్రిడ్జి శుభ్రంగా వచ్చింది. వెనకవైపు ఒక్క మచ్చ లేదు. నేను ఎగిరి గంతేసినంత పనిచేసి సొరుగు తాళం అడిగాను. రాజ్యలక్ష్మి గారు బ్రిడ్జి వైపు చూడనే లేదు. అద్దం పెట్టి అంగిలి చూసింది. ఎర్ర చుక్కలు నిన్న మొన్న కొత్తగా లేచినవి. గట్టిగా అడిగితే బయటపడింది. అప్పలమ్మ చుట్ట కాల్చేముందు బ్రిడ్జి ఊడదీసి, కొంగు ముడిలో కట్టుకుని, కాల్చాక మళ్లీ తగిలించుకుంటోంది. సిమెంటు పట్టు తక్కువని ఆమెకి పాఠం చెప్పి, తిరిగి ఒప్పజెప్పించుకున్నది నేనే.

తిట్లు మొదలవుతాయనుకున్నాను. రాజ్యలక్ష్మి గారు స్టూలు మీద కూలబడింది. "తప్పు నాది సుధా. పళ్లు అడ్డం పెట్టుకుని బెదిరించాను. ఈ గుంట మానడం నేర్చుకోలేదు, దాయడం నేర్చుకున్నాది" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు. కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది.

ఆ రోజే సొరుగు తెరిచింది. పింగాణీ బ్రిడ్జి అక్కడక్కడా సరిచేసి, పళ్లు ఆరబెట్టి, ఇంక ఊడిరాని సిమెంటుతో తనే అతికించింది. దూది కొరికి పట్టుకున్న అప్పలమ్మతో, "కాల్చు, మాను, నీ ఇష్టం. నెల నెలా వచ్చి నోరు సూపించి పోవాల, అంతే" అంది. నేను లోపల్లోపల మండిపడ్డాను. ఇంక ఈమె రాదు, పళ్లు వచ్చాక ఎవరొస్తారు అనుకున్నాను.

వచ్చింది. గుమ్మంలోంచే "ఈ నెల తగ్గించినాను గానీ కాల్చినాను" అని అరుస్తూ వచ్చేది. రాజ్యలక్ష్మి గారు ఆమె కుర్చీ ఎక్కేదాకా తిట్టేది, దిగాక మళ్లీ తిట్టేది. అలా వచ్చినప్పుడే ఒకసారి మచ్చ అంచు గట్టిపడిందని ఆవిడ వేలికి తగిలింది. అదే రోజు క్లినిక్ మూసి తనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. చిన్నగా ఉండగానే కోసి తీసేశారు. ఆ తర్వాత అప్పలమ్మ అడ్డపొగ మానేసింది. బండి తోసుకుంటూ టికియాపారా సందుల్లో చాలాకాలం తిరిగింది.

రాజ్యలక్ష్మి గారు చనిపోయిన ఏడాది, ఆవిడ ఇంటిముందు అప్పలమ్మ కనిపించింది. పట్టలేక అడిగేశాను, పళ్లు వచ్చేశాక కూడా, మాట వినకుండానే, ప్రతి నెలా ఎందుకు వచ్చేదానివని. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఒచ్చేటప్పుడు తిడతాది, ఎల్లేటప్పుడు తిడతాది. నోరు తెరిసినంతసేపూ మాత్రం ఏటీ అనేది కాదమ్మా ఆ తల్లి. అందుకే తెరవాలనిపించేది."

ఇప్పుడు నాకూ సొంత క్లినిక్ ఉంది. గుట్కా నమిలి నమల్లేదనే వాళ్లు, బ్రిడ్జి వేయించుకుని రెండేళ్లు ముఖం చూపించని వాళ్లు, కుర్చీలో పడుకుని అబద్ధాలాడే వాళ్లు రోజూ వస్తారు. నాకు కోపం రానే వస్తుంది. వాళ్లు నోరు తెరిచి ఉన్న ఆ కాస్త సేపూ నేను నోరు మూసుకోవాలి. ఇంత వయసొచ్చినా అది నాకింకా పూర్తిగా చేతకాలేదు.