కుంకుమ పెట్టిన పిస్టల్

మా ఇంటి తలుపుకు తాళంచెవి లేదు. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఈ ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు ఎంతో గర్వంగా చెప్పిన నాలుగైదు విషయాల్లో ఇదొకటి. వేలు పెడితే చాలు తెరుచుకుంటుందన్నాడు. నిజమే, నా వేలు తప్ప ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటుంది. ఉల్లిపాయలు తరిగిన రోజు నన్ను గుర్తుపట్టదు, గిన్నెలు తోమిన రోజు గుర్తుపట్టదు, బెళ్ళందూరు ఆఫీసు నుంచి ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చిన సాయంత్రాలైతే దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసి ఊరుకుంటుంది. మొన్న ఆదివారం దాన్ని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు, అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి, ఓ డబ్బాకున్న సన్నటి గొట్టంతో లోపలికి నూనె కొట్టి, గడియను రెండుసార్లు ఆడించాడు. టక్. టక్.

నేను కాఫీ గ్లాసుతో సహా రెండడుగులు పక్కకు జరిగాను. ఇనుముకు పట్టించిన నూనె వాసన, ఆ వెనకే టక్ మనే చప్పుడు, ఈ రెండూ కలిసి వస్తే నేను దానికి ఎదురుగా నిలబడను. తొమ్మిదేళ్ళ వయసు నుంచీ ఉన్న అలవాటు. మరీ ఇబ్బందికరమైనదేం కాదు, లిఫ్టులో మాత్రం జనం వింతగా చూస్తారు.

మా తాత సైన్యంలో తుపాకులు బాగుచేసే పనిలో ముప్పై ఏళ్ళు గడిపి, రిటైరై వచ్చాక అవెన్యూ రోడ్డు వెనక సందులో, ఓ పక్క కాగితాల కొట్టూ ఇంకో పక్క పట్టుదారాలకు రంగులేసే ఇల్లూ ఉన్న చోట, లైసెన్సున్న తుపాకులు మరమ్మతు చేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ముందు సగం బల్లా, రెండు కుర్చీలూ; వెనక సగం దూదిపీచు, నూనె డబ్బాలు, వీథివైపు కాకుండా పెరటి సందులోకి తెరుచుకునే ఓ వెనక తలుపు; ఈ రెండింటి మధ్య టేకు పలకల అడ్డు. ఆ పలకల్లో ఒకదానికి, సరిగ్గా నా కంటి ఎత్తున, చెక్కముడి ఊడిపోయిన చోట రూపాయి బిళ్ళంత కన్నం. సెలవుల్లో నా లోకమంతా ఆ కన్నంలోంచే కనపడేది. కాఫీ తోటల యజమానులు, బ్యాంకు కాపలాదార్లు, మీసాలు మాత్రమే మిగిలిన రిటైర్డు సైనికులు, వాళ్ళు బల్ల మీద పెట్టే తోలు సంచులు, సంచుల్లోంచి వచ్చే నల్లటి ఇనుము, తాత గళ్ళ తువ్వాలుతో చేతులు తుడుచుకునే తీరు.

ఆ కొట్టులో ఒకే ఒక్క వాదం ఏడాది పొడుగునా నడిచేది: రివాల్వరు నమ్మకమైనదా, పిస్టలా. తాతది రివాల్వరు పక్షం. ఆయన లెక్కలో రివాల్వరు మన ఇంట్లో పాతికేళ్ళుగా పనిచేసే వంటమనిషి లాంటిది. కొత్త వంటలు రావు, కానీ మానేయదు. ఒక తూటా పేలకపోతే మళ్ళీ నొక్కు, చక్రం తిరిగి పక్క తూటా వస్తుంది, అంతే. పిస్టలుకు అలా కాదు. పేలిన తూటా తోసిన తోపుకే పైభాగం వెనక్కు వెళ్ళాలి, ఖాళీ తూటా తొడుగు బయట పడాలి, అడుగున తూటాలు నింపే మ్యాగజీన్లో ఉన్న స్ప్రింగు తర్వాతి తూటాను పైకి ఎత్తాలి. ఈ వరసలో ఎవరు అలిగినా పెళ్ళి ఆగిపోతుంది. “దుమ్ము పడితే నిలుస్తాది, నూనె ఎక్కువైతే నిలుస్తాది, స్ప్రింగు ముసలిదైతే నిలుస్తాది,” అనేవాడు తాత వేళ్ళు ముడుస్తూ. “ప్రాణం మీదికి వచ్చినప్పుడు దాన్ని బతిమాలుకుంటా కూర్చుంటావా అప్పా?”

నేను ఈ విద్యను వీథిలో పరీక్షించేదాన్ని. దీపావళికి ముందు మా సందులో రెండు రకాల బొమ్మ తుపాకులు అమ్మేవారు. ఒకటి ఎర్ర కాగితపు రీలుది, గొప్పగా ఉండేది, వరసగా యాభై పేలాలి, ఆరోదానికే కాగితం మెలిపడి నోట్లోంచి నాలుకలా వేలాడేది. ఇంకోటి ఎనిమిది మందుబిళ్ళల చక్రానిది, చూడ్డానికి నాసిగా ఉన్నా వానలో తడిసినా ఎనిమిదీ పేలేవి. ఫలితాలు తాతకు చెబితే, ఏదో ప్రభుత్వ నివేదిక అందుకున్నంత గంభీరంగా తలూపేవాడు.

ఆయనకు ఒక నియమం ఉండేది. ఏ తుపాకి వచ్చినా, తెచ్చినవాడు ఎంతటివాడైనా, మాట నమ్మకూడదు. తెరిచి కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. “కనపడంది ఏదైనా సరే, నిండుగా ఉండాదనే లెక్క,” అని నాకు గుడిలో మంత్రం నేర్పినట్టు నేర్పాడు. ఆ నియమం ఆయన తప్పడం నేను ఒక్కసారే చూశాను. చూశాననడం కూడా కొంచెం తక్కువ చేసి చెప్పడమే.

అందరికీ దసరా అయిపోయాక పని తగ్గుతుంది, తాతకు అప్పుడే మొదలయ్యేది. ఆయుధపూజ రోజు బెంగళూరంతా ఎంత ఇనుముందో అంత ఇనుముకూ పసుపు పూసుకునేది. బస్సుల ముందు అరటి పిలకలు, కుట్టుమిషన్లకు చేమంతి దండలు, కొట్ల ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయల్లోంచి కారే కుంకుమనీళ్ళు, చేతికి అందించే బొరుగుల పొట్లాలు, అందులో అడుగున రెండు పటికబెల్లం ముక్కలూ ఒక కొబ్బరి ముక్కా. తుపాకి ఉన్న ఇళ్ళలో తుపాకికీ అదే మర్యాద. గంధం, పసుపు, కుంకుమ నీళ్ళలో కలిపి దట్టంగా పట్టించేవారు. రెండు రోజుల్లో అది గట్టిపడి సిమెంటయ్యేది. మూడో రోజు సంచులు పట్టుకుని తాత దగ్గరికి వరస కట్టేవారు. రివాల్వర్లను తుడిచి పంపేసేవాడు, పిస్టళ్ళను కిరసనాయిల్లో నానబెట్టి, యజమానులకు ఉపన్యాసం ఇచ్చి మరీ పంపేవాడు.

ఆ యేడు నంజుండప్ప వచ్చాడు. ఆయనది దేవనహళ్ళి, ద్రాక్ష తోటలూ చక్కోత చెట్లూ ఉన్న రైతు. దాయాదులతో గట్టు తగాదా ఉండడం వల్ల తండ్రి నాటి విదేశీ పిస్టలును లైసెన్సుతో సహా జాగ్రత్తగా కాపాడుకునేవాడు. వచ్చినప్పుడల్లా పిల్లల తలకాయంత చక్కోత పండు తెచ్చేవాడు, మిగతా తెలుగువాళ్ళు పంపరపనస అంటారే, అది. తాత పండు నాకిచ్చి, “ఇంటికి పోయి అమ్మకి ఇయ్యి,” అన్నాడు. నేను వీథి మలుపు దాకా వెళ్ళాను. మందుబిళ్ళల డబ్బా కొట్టు వెనక సగంలో మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. పెరటి సందులోంచి తిరిగొచ్చి, వెనక తలుపు తోసుకుని లోపల కూర్చున్నాను. నేను ఇంట్లో ఉన్నానని తాత అనుకుంటున్నాడు. చక్కోత తొక్క గోళ్ళతో తీయడం మొదలుపెట్టి, అలవాటు కొద్దీ కన్నానికి కన్ను ఆనించాను.

“మళ్ళీ పూజ చేస్తివా?” తాత గొంతు.

“చెయ్యకుండా ఎట్ల అప్పా? మా ఆడమనిషి ఊరుకుంటుందా? ఈసారి ఇంకా బాగా చేస్తిమి.”

పిస్టలు పసుపు ముద్దలా ఉంది. తాత పైభాగాన్ని వెనక్కి లాగాడు, రాలేదు. బల్ల అంచుకు ఆనించి లాగాడు, రాలేదు. అడుగున మ్యాగజీన్ లేదని వేలితో చూశాడు.

“ఖాళీనేనా?”

“ఖాళీనే. మ్యాగజీన్ ఇంట్లో ఉండాది. నేనే తీసి పెడితి.”

అక్కడ తాత ఆగాలి. లోపల చూడ్డానికి వీల్లేదు కాబట్టి అది నిండుగా ఉన్నట్టే లెక్క. కానీ ఆ ఉదయం నుంచీ నాలుగు పిస్టళ్ళు వచ్చాయి, నలుగురికీ అదే ఉపన్యాసం ఇచ్చి ఆయన మంచి ఊపు మీద ఉన్నాడు. అయిదోసారి మాటలతో కాక చూపించి చెబుదామనుకున్నాడు. పిస్టలు పక్కన, పేలకుండా అడ్డుపెట్టే చిన్న మీటను బొటనవేలితో కిందికి నెట్టాడు.

“చూడు నంజుండప్పా, నీ దొరగారి వైభోగం. నొక్కినా ఉలకదు, పలకదు. సుమ్నే, ఊరికే పిడికిట్లో ఒక రాయి.”

మనుషుల వైపు తిప్పకూడదు కాబట్టి, ఖాళీగా ఉందనుకున్న వైపు తిప్పాడు. పలకల అడ్డు వైపు.

కన్నంలో నాకు తాత మొహం కనపడ్డం ఆగిపోయింది. ఆ చోట ఓ నల్లటి చిన్న సున్నా కనపడింది. అంచున కుంకుమ. నా నోట్లో చక్కోత తొన ఉంది, నమలలేదు. అరవాలని తోచలేదు, నేను ఇంటికి వెళ్ళలేదని తాతకు తెలిసిపోతుందన్నదే అప్పుడు నా భయం. తొమ్మిదేళ్ళ మనిషికి ఏది పెద్ద ప్రమాదమో ఎంచుకోవడం సరిగ్గా రాదు.

టక్.

అంతే. తాత నవ్వాడు, నంజుండప్ప చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత తాత కిరసనాయిలు పోసి, చెక్క సుత్తితో అటూ ఇటూ తట్టి, పావుగంట తర్వాత బలమంతా పెట్టి లాగితే పైభాగం కరకరమంటూ వెనక్కొచ్చింది. లోపల్నుంచి పసుప్పచ్చటి ఇత్తడి తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి, కాఫీ గ్లాసుకు తగిలి ఆగింది.

ఇద్దరూ దాన్ని చూశారు. తాత దాన్ని తీసి అడుగు భాగం వెలుగుకు పెట్టి చూశాడు. తూటా అడుగును కొట్టి పేల్చే సూది తగిలిన గుర్తు ఉంది. చాలా సన్నటి గుర్తు. గంధం ముద్ద అడ్డుపడి సూదికి వేగం చాలలేదు.

“ఇది ఎట్ల వచ్చె?” అన్నాడు తాత. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు.

నంజుండప్ప నుదురు తుడుచుకున్నాడు. “ఖాళీ ఆయుధానికి ఎవురన్నా పూజ చేస్తారా అప్పా? ఖాళీ చెంబుకి కొబ్బరికాయ పెడతామా? నిండుగా ఉండాలని ఒక తూటాను పైన గొట్టంలోకీ ఎక్కించి పూజ చేస్తి. మళ్ళ మ్యాగజీన్ తీసేస్తి కదా, అంతా వచ్చేసింది అనుకొంటి.”

అప్పుడు నా చేతిలోంచి చక్కోత జారి పడింది. తాత పలకల అడ్డు వైపు చూశాడు, కన్నంలో నా కన్ను చూశాడు. లేవలేదు. పావుగంట ముందు నొక్కిన కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు, అది మళ్ళీ ఏదో చేస్తుందన్నట్టు.

నంజుండప్ప కూడా కన్నం వైపు చూసి, పిస్టలును తన వైపు జరుపుకున్నాడు. “నాది అక్కరకి రాదు అంటివే అప్పా. వచ్చె చూడు.”

ఆ సాయంత్రం తాత నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, బియ్యం కడుగుతున్న అమ్మ ముందు నిలబడి, ఒక్క మాట దాచకుండా చెప్పాడు. కోడలి ముందు ఆయన అలా నిలబడ్డం అదే మొదలు. అమ్మ వింటూ, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగింది, నాలుగుసార్లు, అయిదుసార్లు, నీళ్ళు తేటగా అయ్యాక కూడా. దీపావళి తర్వాత తాత కొట్టు తెరవలేదు. లైసెన్సు తిరిగిచ్చేసి, అడిగినవాళ్ళకు కళ్ళు ఆనడం లేదని చెప్పేవాడు. రివాల్వరు గొప్పదని ఆయన నోట మళ్ళీ వినలేదు.

నేను మాత్రం ఈ కథను కాలేజీ రోజుల నుంచీ నవ్విస్తూ చెబుతున్నాను, మంచి ఆదరణే ఉంది. ఇప్పుడు ఆ సందులో మొబైలు కవర్లు అమ్ముతున్నారు, టేకు పలకలు ఏ పొయ్యికి పోయాయో తెలియదు. నంజుండప్ప చక్కోత చెట్లు ఉండిన వైపు విమానాలు దిగుతున్నాయి. మందుబిళ్ళల చక్రాలు దొరకడం లేదు. బొరుగుల పొట్లంలో పటికబెల్లం బదులు చాక్లెట్టు వేస్తున్నారు.

మొన్న మెకానిక్కుకూ చెప్పాను, ఆయన తాళం మూత బిగిస్తుండగా. “అంటే ఏది మంచిదంటారు మేడం?” అన్నాడు స్క్రూడ్రైవరు ఆపి. నేను నా పాత ముగింపు వాక్యాన్ని అందుకున్నాను: అదే రివాల్వరైతే కచ్చితంగా పేలేది, నమ్మకమైన వస్తువుతో వచ్చే చిక్కే అది, నేనివాళ మీకు కాఫీ ఇస్తున్నానంటే పిస్టలు నాసిది కావడం వల్లే. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ తల ఎత్తలేదు.

“తుపాకులు ఏం చేసినాయి పాపం,” అంది. “చూడకుండా నొక్కింది మీ తాత.”