వెలుగు మూసినా వినిపించేది

“వాడి ఊపిరిలో ఈల వినిపిస్తోంది బాబాయ్ గారూ. నాకొక్కదానికే వినిపిస్తోందేమోనని ఇంకా భయం.”

ఆ మాట విన్నది అద్దాలాయన. ప్రయోగశాలలో అద్దాలు తుడిచి వెలుగు దారి సరిచేసేవాడు గనక అందరూ అలాగే పిలిచేవారు. అన్నది అక్కడ కొత్తగా చేరిన పిల్లతల్లి. చంటివాణ్ణి అత్తగారికి అప్పగించి వచ్చేది. ఒళ్లు ఇక్కడ, ప్రాణం అక్కడ. వాడికేమీ లేదని డాక్టరు చెప్పినా మనసు ఒప్పలేదు. ఆ సాయంత్రంతో ఉద్యోగం మానేద్దామనుకుంది.

వాళ్ల పని కాస్త వింతైనది. మూత బిగించిన చిన్న డబ్బాలో లోహపు రేకు పెట్టి, దానిమీద వెలుగుని ఆపి ఆపి వేస్తారు. వెలుగు పడ్డప్పుడల్లా రేకు వేడెక్కి, లోపలి గాలి ఉబ్బుతుంది. ఆ ఊపే శబ్దం. చెవికందని ఆ సన్నటి శబ్దాన్ని మైకు పట్టుకుంటుంది. దాన్నిబట్టి రేకులో వేడి ఎంత త్వరగా పాకుతుందో లెక్కగడతారు.

ఆ రోజు శబ్దం ఎన్నడూ లేనంత బలంగా వచ్చింది. ఆమె ముఖం విప్పారింది.

“సంబరం తరవాత తల్లీ. వెలుగు మూసి చూశావా?”

చూడలేదు. వెలుగుకి అట్టముక్క అడ్డం పెట్టింది. శబ్దం అలాగే ఉంది! వెలుగుని ఆపి ఆపి వదిలే చక్రం అదురు బల్లలోంచి మైకులోకి పాకుతోంది.

“పొయ్యి మీద పాలే లేవు, పొంగు మాత్రం వచ్చేసింది!” అన్నాడాయన.

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన అద్దం తుడుస్తూ, తలెత్తకుండానే అన్నాడు:

“మా పాప దగ్గుతోనే పోయింది. పోయాక కూడా ఖాళీ ఉయ్యాల్లోంచి దగ్గు వినపడేది. లేచి వెళ్లేవాణ్ణి. అప్పటికే మా ఆవిడ అక్కడ నిలబడి ఉండేది. వెలుగు పోయింది, శబ్దం మిగిలింది.”

“మరి నిజమైందేదో ఎలా తెలుస్తుందండీ?”

“బిడ్డకి దూరంగా వెళ్లి విను. అక్కడా వినిపిస్తే అది నీ బల్ల అదురు. వాడి దగ్గరే వినిపిస్తే మాత్రం ఎవరేమన్నా ఆగకు, డాక్టరు దగ్గరికి పరుగెత్తు.”

ఆమె ఉద్యోగం మానలేదు. ఆ చలికాలం గడవకుండానే ఆయన పోయాడు. ఆయన మడిచిపెట్టిన మెత్తటి గుడ్డని బల్ల మీంచి తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఈల వినిపించినప్పుడల్లా ఆమె వసారాలోకి వెళ్లి, తలుపు వేసి నిలబడుతుంది. చాలాసార్లు అక్కడా వినిపిస్తుంది. ఈమధ్య దానితోపాటు ఆయన గొంతు కూడా:

“ముందు మూసి చూడు తల్లీ. తరవాతే భయపడు.”