మా ఆయన నన్ను కారు కిందికి పంపిన రోజు

మొన్న నరసరావుపేటలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, కళ్ళ డాక్టరుకు చూపిద్దామని మా అల్లుడు కొత్తగా కొన్న కారులో నన్ను తీసుకెళ్ళాడు. ఆసుపత్రి ముందు రెండు కార్ల మధ్య కాస్త ఖాళీ ఉంది. ఇందులో ఎట్లా పడుతుందా అని నేను అనుకుంటూ ఉండగానే, అతను ఏదో మీట నొక్కి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. స్టీరింగు తనంతట తానే గిర్రున అటు తిరిగి, ఇటు తిరిగి, కారు ఒద్దికగా వెనక్కి జరిగి ఆ ఖాళీలో నిలబడింది. "భయమేసిందా అత్తయ్యా?" అన్నాడు నవ్వుతూ. లేదన్నాను. నా చూపు ఆ స్టీరింగు మీదే ఉంది. దాని కింద, ఇంజను వెనకాల, ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా అడ్డంగా పడుకుని ఉండే ఇనుప కడ్డీ ఒకటి నాకు తెలుసు. మెకానిక్కులు దాన్ని స్టీరింగు ర్యాకు అంటారు. చీర చెంగు నడుముకు బిగించి, వెల్లకిలా పడుకుని, అలాంటిదాన్ని నేను ఒకప్పుడు ఊడదీసి మార్చానంటే మా అల్లుడు నమ్మడు. లారీలతోనూ ట్రాక్టర్లతోనూ బతుకు గడుపుకొచ్చిన నా ఈడు వాళ్ళు మాత్రం నమ్ముతారేమో.

మాది గురజాల దగ్గర పల్లెటూరు. మా ఆయన కుర్రతనంలో గురజాలలోనే ఒక మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుని, తరువాత మాచర్ల వైపు రాతి క్వారీల్లో లారీ తోలాడు. ఆ కాలపు లారీ స్టీరింగు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మలుపు తిప్పాలంటే సీటులోంచి సగం లేచి, ఒళ్ళంతా దానిమీద వాల్చాల్సిందే. ఒకనాడు క్వారీలోంచి పైకి వస్తుండగా ముందు చక్రం గుంటలో పడి, స్టీరింగు ఒక్కసారిగా వెనక్కి తన్నింది. కుడి భుజం కీలు దగ్గర కండ చిరిగిపోయింది. మందులు వాడాం, కట్లు కట్టించాం, గుంటూరులో పెద్ద డాక్టరుకు చూపించాం. చెయ్యి మాత్రం భుజం ఎత్తు దాటి పైకి లేవలేదు. ఇక బరువు స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పి పంపారు. ఇరవై ఊళ్ళవాళ్ళ చేత పేరు పెట్టి పిలిపించుకున్న మనిషి పంచలో నులకమంచం మీద కూర్చుండిపోయాడు. ఆ ఏడాది మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకే మాటా వినిపించలేదంటే అబద్ధం కాదు.

అట్లాంటి రోజుల్లో గుంటూరులో ఉండే మా అన్నయ్య, ఎవరో వాడి అమ్ముతున్న కారు ఒకటి ఉంది, దానికి పవర్ స్టీరింగు ఉంది, వచ్చి చూడమని కబురు చేశాడు. మా ఆయన ఇష్టం లేకుండానే వచ్చాడు. అన్నయ్య బలవంతం మీద ఎక్కి, ఇంజను వేసి, ఎడమచేతి చూపుడువేలు స్టీరింగు మీద పెట్టి తిప్పాడు. ముందు చక్రాలు నిలబడిన చోటనే అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. "ఏమే, ఇటు రా. చూడు. ఒక్క వేలే," అన్నాడు. ఆ వేలు మళ్ళీ మళ్ళీ తిప్పాడు గాని తియ్యలేదు. లోపల నూనె ఒత్తిడి మనిషి చేతికి బలం ఇస్తుందని ఆయన తరువాత ఎన్నోసార్లు వివరించి చెప్పాడు. నాకు మాత్రం ఆ క్షణాన ఎవరో కనపడని మనిషి మా ఆయన చేతి మీద తన చెయ్యి వేసి తిప్పుతున్నట్టే అనిపించింది.

ఆ కారు కొన్నాం, దానితో ఆయన మళ్ళీ మనిషయ్యాడు. మాచవరం నుంచి రోగులను మేము పేట అని పిలిచే నరసరావుపేట ఆసుపత్రికి, పెళ్ళికూతుళ్ళను అత్తగారిళ్ళకు, పిడుగురాళ్ళ స్టేషనులో దిగిన చుట్టాలను ఇళ్ళకు చేరుస్తూ కొన్నేళ్ళు హాయిగా తిరిగాడు. తరువాత స్టీరింగు తిప్పినప్పుడల్లా మూలుగు మొదలైంది. కారు నిలిపిన చోటల్లా ఎర్రటి నూనె మరక. నూనె పోస్తుంటే కారిపోతోంది. ఒక మధ్యాహ్నం మా వీధి మలుపులో అది పూర్తిగా బిగుసుకుపోయింది. ఎడమచేత్తో ఎంత లాగినా తిరగక, కారు నేరుగా వెళ్ళి, రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసుకుంటున్న పక్కింటి పిన్ని ముందు ఆగింది. బ్రేకు పడింది గనుక సరిపోయింది. పిన్ని లేచి తిట్టిపోసింది. మా ఆయన చెమటలు కక్కుతూ దిగి, నలుగురి చేత కారును మా వాకిట్లోకి నెట్టించి, ర్యాకు లోపల నూనె కారకుండా ఆపే సీళ్ళు పోయినయ్, మార్చిందాకా ఇది రోడ్డెక్కగూడదు అన్నాడు.

గురజాలలో అప్పటి మెకానిక్కులకు జీపులూ లారీలే తెలుసు, గుంటూరు తీసుకుపొమ్మన్నారు. తాడు కట్టి లాక్కుపోయినా స్టీరింగు తిరగాలి కదా, దారిలో ఇంకెవరి మీదికి పోతుందోనని ఆయన ఒప్పుకోలేదు. కొత్త ర్యాకును అన్నయ్య చేత బస్సులో వేయించి తెప్పించాడు. ఇంటి దగ్గరే మారుద్దామనుకున్నారు మా ఆయనా, ఆయన తమ్ముడూ. మా మరిది ట్రాక్టరు తోలేవాడు, ఎద్దులాంటి బలం, నిమిషం ఆగలేని తొందర. పొద్దున్నే వచ్చి జాకీ పెట్టి కారు ముందుభాగం లేపి, దాని కిందికి దూరబోయాడు. మా ఆయన ఎడమచేత్తో అతని కాలు పట్టుకుని బయటికి లాగాడు.

"ఒరేయ్, జాకీ లేపటానికేరా, మోయటానికి కాదు. స్టాండ్లు పెట్టందే ఎవరూ దూరగూడదు."

"ఏంది అన్నా, చంటిపిల్లాడికి చెప్పినట్టు! ట్రాక్టరు కింద నేనెన్నిసార్లు దూరలా?"

"దూరావు, బయటికొచ్చావు. అది నీ తెలివి గాదురా."

మరిదికి పౌరుషం వచ్చి పానాలు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. మా ఆయన కారు పక్కన చతికిలబడ్డాడు. చెయ్యి పైకి లేవని మనిషి కింద పడుకుని పని చెయ్యలేడు. మళ్ళీ ఆ నులకమంచం వైపు చూస్తున్నాడేమోనని నాకు గుబులు పుట్టింది.

"నే దూరతా," అన్నాను.

"నీకేం తెలుసే?"

"నీకు తెలుసుగా. నువ్వు చెప్పు, నే చేస్తా."

అప్పుడు చెప్పాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎత్తని మాట. తనకు పని నేర్పిన గురువు లారీ కింద ఉండగా జాకీ జారి లారీ ఆయన మీద పడిందట. "కేకన్నా వెయ్యలా. నేను పక్కనే ఉండా," అన్నాడు. ఆ తరువాత, "నేను చెప్పింది చెప్పినట్టు చేస్తానంటేనే," అన్నాడు. సరేనన్నాను.

ఆ రోజు ఆయన నాకోసం చేసిన ఏర్పాట్లు ఇప్పటికీ ఒక్కొక్కటిగా గుర్తున్నాయి. మా వాకిలి నల్లరేగడి నేల, బరువు పడితే కుంగుతుంది. మందంగా ఉన్న నాపరాళ్ళు ఏరి, ఒక్కొక్కదాన్ని సుత్తితో తట్టి మోత విని, పగులు లేనివే పరిపించి, వాటిమీద తుమ్మ దిమ్మెలు, వాటిమీద షెడ్డు నుంచి అడిగి తెచ్చిన ఇనుప స్టాండ్లు పెట్టించాడు. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం వేయించాడు. కారు స్టాండ్ల మీదికి దిగాక, మంచి భుజం ఆనించి బలమంతా పెట్టి దాన్ని ఊపాడు, నా చేత ఊపించాడు. కదలలేదు. అయినా తృప్తి లేక, విప్పిన ముందు చక్రాలు రెండూ కారు అంచుల కింద పడుకోబెట్టి, జాకీని కూడా తోడుగా ఆనించి ఉంచాడు. బ్యాటరీ తీగ తీసేశాడు. స్టీరింగును కింద ర్యాకుతో కలిపే జాయింటు ఊడాక పైన స్టీరింగు తిరిగిపోతే మళ్ళీ కుదరదని, దాన్ని నిటారుగా పెట్టి సీటుబెల్టుతో కట్టేశాడు. అన్నీ అయ్యాక, "ఇప్పుడు దూరు," అన్నాడు.

దూరాను. రోజూ ఎక్కి దిగే బండి కింద అంత లోకం ఉంటుందని నాకు తెలియదు. నల్లమట్టి, క్వారీ ఎర్రదుమ్ము, గడ్డిపరకలు, ఎక్కడో అంటుకున్న పత్తి పీచు, మేము తిరిగిన ఊళ్ళన్నీ దాని పొట్టకు పట్టుకుని ఉన్నాయి. గొట్టాలు నరాల్లా అల్లుకుపోయాయి. ఇంత పెద్ద బండి అడ్డంగా ఉన్న ఇంత సన్నటి కడ్డీ మాట వింటుందా అని దాన్ని చేత్తో తడిమి చూశాను. మా ఆయన పక్కనే నేల మీద చెంప ఆనించి పడుకుని, టార్చి పట్టుకుని, ముందు ఏది, వెనక ఏది అని నిదానంగా చెబుతూ ఉన్నాడు. జాయింటు విప్పకముందు అది ఏ వైపుకు ఉందో మా అమ్మాయి గోళ్ళరంగుతో గీత గీయించాడు. నూనె గొట్టాలు విప్పితే పాత నూనె సత్తు గిన్నెలోకి కారింది. చక్రాల వైపు చివర్లు బయటి నుంచే ఆయన చెప్పినచోట సుత్తితో కొట్టి ఊడదీశాను. మళ్ళీ కిందికి వెళ్ళి చివరి బోల్టు మీద పానా వేసి లాగుతున్నాను. అది మొండికేసింది. కాళ్ళు తన్నిపెట్టి లాగాను.

ఉస్సుమని శబ్దం వచ్చింది. ఆ వెంటనే నా ముఖం మీద, కళ్ళకు అంత దగ్గర్లో, టక్కుమంది.

"కదలమాక. ఏం గాలా. స్టాండ్ల మీదుంది. నిదానంగా ఇటు జరుగు," అన్నాడు ఆయన. జరిగి బయటికి వచ్చి చూస్తే, తోడుగా ఆనించి ఉంచిన జాకీ నూనె కక్కి కుంగిపోయి ఉంది. దాని మీదున్న కాస్త బరువూ స్టాండ్ల మీదికి దిగిన చప్పుడే నేను విన్నది, కారు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. తలెత్తితే గేటు దగ్గర మరిది, చేతిలో మజ్జిగ చెంబుతో. కోపం తగ్గి ఎప్పుడు వచ్చాడో, అంతా చూశాడు. ఆ జాకీ వంకే చూస్తున్నాడు. చెంబు అక్కడ పెట్టి వచ్చి, కారుకు భుజం ఆనించి ఊపి చూశాడు. అటు వెళ్ళి మళ్ళీ ఊపాడు. అప్పుడు, "వదినా, ఇక నే దూరతా," అన్నాడు.

"సగం నేను చేశా. మిగతాది ఇద్దరం చేద్దాం," అన్నాను. మా ఆయన రాళ్ళూ దిమ్మెలూ స్టాండ్లూ మళ్ళీ మొదటి నుంచీ తడిమి చూసుకునిగాని మమ్మల్ని కదలనివ్వలేదు.

పాత ర్యాకు చక్రం సందులోంచి మరిది లాగితే వచ్చింది. కొత్తదాన్ని అట్లాగే అతను లోపలికి అందిస్తే, బోల్టు రంధ్రాలు కలిసేదాకా దాన్ని నేను గుండెల మీద మోశాను. చల్లగా, బరువుగా, పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు ఉంది. గోళ్ళరంగు గీతలు కలిశాయి. చక్రాల దగ్గర నట్లు ఊడిపోకుండా కొత్త పిన్నులు వేసి వంచాం. చక్రాలు మళ్ళీ బిగించాం. అవి ఇంకా గాలిలో ఉండగానే ఇంజను వెయ్యకుండా మా ఆయన స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతుంటే, నేను పైన నూనె పోస్తూ బుడగలు చూశాను. అవి పొంగి, తగ్గి, చివరకు నూనె అద్దంలా నిలిచింది. కారు కిందికి దించి ఇంజను వేశాక ఆయన చూపుడువేలు పెట్టి తిప్పాడు. మూలుగు లేదు. కింద నూనె చుక్క లేదు. మరిది పెద్దగా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. దిగి వచ్చి, మట్టీ నూనే కొట్టుకుపోయిన నా జుట్టులోంచి ఒక గడ్డిపరక తీసి పక్కన పడేశాడు. మర్నాడు ఖాళీ రోడ్డు మీద మెల్లగా పేటకు వెళ్ళి చక్రాలు తిన్నగా ఉండేట్టు సరిచేయించుకు వచ్చాం.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు బండికి ఏదైనా అయితే ఎదురుగా ఒక దీపం వెలుగుతుంది, ఫోను చేస్తే కంపెనీ మనిషి వచ్చి తీసుకెళతాడు, సాయంత్రానికి కడిగి తెచ్చి ఇస్తాడు. ఎవరూ మట్టిలో పడుకోనక్కర్లేదు, ఏ ఇల్లాలూ ఆ టక్కుమనే చప్పుడు విననక్కర్లేదు. అది మంచిదే, నాకు చింత లేదు. కానీ మనల్ని మోసుకు తిరిగేదాని కిందికి ఒక్కసారి వెళ్ళి చూసినవాళ్ళం మేము. మన బరువు దేనిమీద నిలబడి ఉందో చేతులతో తడిమి తెలుసుకున్నవాళ్ళం. మనకోసం ఆ నేలా, ఆ రాయీ, ఆ ఇనుమూ తట్టి తట్టి చూసిన మనిషి పక్కనే పడుకుని ఉన్నాడన్న ధైర్యం ఎంత గొప్పదో ఈ కాలపు పిల్లలకు ఎట్లా చెప్పను? అంత బరువు కింద ఉండి కూడా, నా జన్మలో అంత నిబ్బరంగా మరెప్పుడూ పడుకోలేదు.