చివరి మడికి మొదటి నీళ్లు

మా అపార్ట్‌మెంట్‌లో నీళ్లు వదిలే ఆయన పోయారు. ఆ సంగతి మాకు ఆయన ఫోన్ నుంచే తెలిసింది. రోజూ పొద్దున ఆరింటికి మా అందరి ఫోన్ గ్రూపులో ఆయన గొంతు వినిపించేది. "అందరికి నమస్తె. నీళ్లు ఇడుస్తున్న. జర సూస్కోని వాడుండ్రి." ఆయన ఊరెళ్లిన నాలుగో రోజున అదే నంబరు నుంచి ఎవరిదో తెలియని గొంతు వచ్చింది. "అందరికి నమస్తె. ఈ ఫోన్ ఉన్నాయన పొద్దుగాల పోయిండు. గుండె ఆగింది. మీకు చెప్పాలె గదా అని చెప్తున్న." రెండుసార్లు విన్నాను. గిన్నెలు కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేసి అక్కడే కూర్చున్నాను.

కొత్తగూడలో మాది ఐదంతస్తుల పాత బిల్డింగ్. దీని పునాది తవ్వేటప్పుడు ఆయన కూలికి వచ్చారట. గోడలు లేచాక వాచ్‌మన్‌గా ఉండిపోయారు. ఆ పనికి మాత్రం అస్సలు పనికిరాలేదు. గేటు దగ్గర కూర్చోబెడితే ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు విని లేచి వెళ్లిపోయేవారు. వచ్చినవాళ్లు గేటు తామే తీసుకుని లోపలికొచ్చేవారు. చెప్పీ చెప్పీ విసిగిపోయిన సెక్రటరీగారు గేటు ఇంకొకరికి అప్పగించి, ఈయన చేతిలో వాల్వుల గది తాళంచెవి పెట్టారు. ఆ రోజు నుంచి అది ఆయన మొలతాడుకే ఉండేది.

ఆయన వినికిడి ఎలాంటిదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గోడ పక్క పైపుకు తల ఆనించి, ఏ ఇంట్లో ధార నడుస్తోందో చెప్పేసేవారు. మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి తలుపు తీసి, "తాతా, మీటింగ్‌లో ఉన్నాను" అని గుసగుసలాడితే, "నువ్వు మీటింగుల ఉన్నవు సరే, బాత్రూముల నీ నల్లా ఎవరితోని మాట్లాడుతుంది?" అని అడిగేవారు. గ్లాసులో గుక్కెడు నీళ్లు వదిలేవారు కాదు. టీ కొట్టుకు వెళ్లినా ముందు అక్కడి డ్రమ్ము కుళాయి బిగించి, ఆ తర్వాతే టీ అడిగేవారు.

నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో మా బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు తెప్పించుకున్నాం. పొద్దున గంటసేపే నీళ్లు, ఎవరూ డ్రమ్ముల్లో నిలవ చేయకూడదని కమిటీ నిర్ణయించింది. నేను కడప జిల్లాలో పెరిగినదాన్ని. మా ఇంట్లో కుళాయి వచ్చిన రోజున బిందెలు, గంగాళాలే కాదు, మా అమ్మ టీ గ్లాసులు కూడా నింపి పెట్టేది. నీళ్లు కనిపిస్తే నాకు చెయ్యి ఆగదు. వాషింగ్ మెషీన్ వెనక మూడు డ్రమ్ములు పెట్టి, రోజూ అందరికంటే ముందు నింపుకున్నాను. ఏ రోజు ఎన్ని బిందెలు పట్టానో అలవాటు ప్రకారం నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

కింది అంతస్తుల వాళ్లం అంత లాగేసుకుంటే పైకి ఏం మిగులుతుంది? ఐదో అంతస్తులో ఒక బాలింత ఉంది. నాలుగు రోజులు వాళ్లకు చుక్క రాలేదు. వెనక గుడిసెలకు నీళ్లు మళ్లిస్తున్నాడని ఈయన మీద పుకారు లేచింది. ఆదివారం మీటింగ్‌లో తాళంచెవి తీసుకుని పంపించేయాలనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఆయన మా తలుపు కొట్టారు.

"అమ్మా, మూడు డ్రమ్ములు నిండినయా?"

వాషింగ్ మెషీన్ వైపు చూశాను. ఆయన లోపలికి రాలేదు. మెట్ల మీద కూర్చుని తువాలుతో మెడ తుడుచుకున్నారు.

"ఫికర్ చెయ్యకు. నీ పేరు చెప్ప. పైపుల సప్పుడు ఇన్న అంటే ఎవ్వలు నమ్ముతరు? ఒక్కటే చెప్పిపోదామని వచ్చిన. నేను గూడ నీళ్ల దొంగనే."

వాళ్ల ఊళ్లో చెరువు నీళ్లు కాలువ చివరి మడికి ముందు పారించడం రివాజట. తూము దగ్గర మడులకు ఎలాగూ అందుతాయి కనుక. ఈయన మడి మధ్యలో ఉండేది. ఒక కరువు ఏడాది, నీళ్లు పారించే నీరటి మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లగానే, కాలువ గట్టుకు గండి కొట్టి రోజూ తన మడికి తిప్పుకున్నారు. చివరి మడి ఈయనకు బావ వరుస అయ్యే మనిషిది. ఆ మడి నెర్రెలిచ్చింది.

"ఎట్ల దొరికిన్నో ఎరికేనా? అందరి పొలాలు ఎర్రగైనయి, నాదొక్కటే పచ్చగుంది. గింత తెలివి లేని దొంగను నువ్వు సూసినవా?" అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "కొట్టలే, తిట్టలే. వరుస పెట్టి పిలుసుడు బందువెట్టిండ్రు. బావ ఎదురువడితె 'బావా' అనలే. ఏవయ్యా అన్నడు. ఇగ ఊరిడిసిన."

"మరి ఇక్కడికొచ్చాక ఎలా మారారు?" అని అడిగాను. నా తప్పు సంగతి వదిలేసి అదెలా అడిగానో తెలియదు. కానీ నిజంగా తెలుసుకోవాలనిపించింది.

"ఏం మారలే. నీళ్ల సప్పుడు ఇనవడితె నా కాళ్లు ఆగయి. ఆడ నా మడికి ఎట్ల తిప్పాల్నని ఉరికిన. ఈడ ఎవరికి అందుతలేవో సూద్దామని ఉరుకుతున్న. ఉరుకుడు అదే." మొలతాడుకున్న తాళంచెవి తడుముతూ, "ఈడ తాళంచెయ్యి చేతుల వెట్టి అన్నా అన్నరు, తాతా అన్నరు. గట్ల పిలిచినంక ఇగ ఎట్ల దొంగతనం జేస్త?" అన్నారు.

మర్నాడు మీటింగ్‌లో సెక్రటరీగారు, "పెద్దాయనా, తాళం ఇచ్చేయండి. బాలింత ఉన్న ఇల్లండీ, స్నానానికి కూడా నీళ్లు లేవు" అన్నారు. ఆయన మొలతాడు ముడి విప్పుతున్నారు. ఆ ముడి గట్టిగా బిగిసిపోయి త్వరగా రాలేదు. ఆ కాస్త సమయంలోనే నేను లేచాను. నోట్‌బుక్ తెరిచి, ఏ రోజు ఎన్ని బిందెలో తేదీలతో సహా చదివాను.

"మేడమ్ ఇంట్ల చేపల చెరువుందా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బాలింత తల్లి మాత్రం నవ్వలేదు. ఆమె మొహం నాకు ఈ రోజుకీ గుర్తుంది.

ఆయన విప్పిన ముడి మళ్లీ వేసుకున్నారు. "మొదలు ఐదో అంతస్తుకు ఇడుస్త, నిండినంకనే కిందోళ్లకు. రెండు వాల్వులు పెట్టియ్యుండ్రి, సాలు" అన్నారు. అప్పటి నుంచి అదే పద్ధతి. బయటికి వస్తుంటే నాతో, "చెల్లె, ఆ నోట్‌బుక్కు పారెయ్యకు. ఏ ఇంటికి ఎన్ని గంటలకు వచ్చినయో రాయి" అన్నారు. అంతవరకూ నేను ఆయనకు 'అమ్మా'నే. ఆ రోజు నుంచి బిల్డింగ్ నీళ్ల లెక్క నాదే. చెయ్యి ఆగని గుణం నాలోనూ పోలేదు. దానికీ పని దొరికిందంతే. మనిషి మారడమంటే ఇంతేనా, ఇంకా ఏమైనా ఉందా అని నోట్‌బుక్ తీసినప్పుడల్లా అనుకుంటాను. ఆయన్ని మళ్లీ అడగాలనుకుంటూనే గడిపేశాను.

మేనకోడలి పెళ్లని, చాలా ఏళ్ల తర్వాత ఊరికి బయలుదేరారు. డూప్లికేట్ తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి, అసలుది మొలతాడుకు కట్టుకున్నారు. "ఎందుకన్నా అది?" అంటే, "సూపియ్యాలె. వరుస పెట్టి పిలుస్తరో లేదో సూడాలె" అన్నారు.

ఆయన పోయిన పది రోజులకు ఒక పెద్ద మనిషి తెల్లవారుజామున బస్సు దిగి మా బిల్డింగ్ వెతుక్కుంటూ వచ్చారు. మా అన్న ఫోను, తాళంచెవి నా చేతిలో పెట్టారు. గొంతు వినగానే గుర్తుపట్టాను. ఫోన్‌లో కబురు చెప్పింది ఈయనే.

"మీరు ఆయనకేమవుతారు?"

"బావను."

"చివరి మడి మీదేనా?"

ఆయన నా మొహంలోకి చూశారు. "చెప్పిండా? పెండ్లిల అందరికన్న ఎనుక నిలవడ్డడు. దగ్గరికి వోతె ఏం మాట్లాడలే, ఈ తాళంచెయ్యి తీసి సూపిచ్చిండు. నేను, 'బావా, బువ్వ తిన్నవా' అన్న. గంతే. తువాల మొఖానికి అడ్డం వెట్టుకున్నడు."

వాల్వుల గది చూస్తానన్నారు. తీసుకెళ్లాను. రెండు చక్రాల వాల్వుల వంక చాలాసేపు చూశారు.

"మొదలు ఎవరికి ఇడుస్తరు?"

"ఐదో అంతస్తుకి."

"రోజూనా?"

"రోజూ."

పొద్దున ఆరైంది. వాచ్‌మన్ వచ్చి పై వాల్వు తిప్పాడు. ఆ పెద్దాయన భుజం మీది తువాలు తీసి చంకలో పెట్టుకుని, వంగి, మా అన్న తల ఆనీ ఆనీ రంగు పోయిన చోటనే పైపుకు చెవి ఆనించారు. నీళ్లు పైకి చేరేదాకా లేవలేదు.