నెంబర్ వన్ పాట, నిద్రపోని మనవడు

నా పరువు ఎలా పోయిందో చెబుతాను, స్థిమితంగా కూర్చోండి. ఒక ఆదివారం పొద్దున, జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారి హాల్లో, యాభై మంది చుట్టాల సమక్షంలో పోయింది. అప్పటికే వాళ్ల టిఫిన్లు అయిపోయాయి కాబట్టి అందరూ తీరిగ్గా చూశారు.

మాదో బ్యాండు. పేరు 'ఉరుము'. యూసుఫ్‌గూడలో ఒక టైలర్ షాపు పైగది మా స్టూడియో. పాట, గిటార్ నావి. డ్రమ్స్ షేక్‌పేట యాదగిరివి. ఇద్దరుంటే బ్యాండంటారా అని మీరడగొచ్చు. మా అమ్మ కూడా అడిగింది. "నిద్ర రాదే పిల్లా" అని ఒక ప్రేమపాట కట్టి పాటల యాప్‌లో పెట్టాం. మొదటి నిమిషంన్నర ఒట్టి గిటార్, మెల్లగా. తర్వాత యాదగిరి దిగుతాడు. దిగాడంటే కింద కుట్టుమిషన్లు ఆగిపోతాయి.

మూడోవారం యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, మన పాట చార్టుల నెంబర్ వన్ ఉంది, చూడు."

చూశాను. ఒకటో అంకె, పక్కన మా పాట. పైన చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది. నెంబర్ వన్‌లో ఉన్నవాళ్లు చిన్న అక్షరాలు చదువుతారా?

ఆ రోజు నుంచి నల్లకళ్లద్దాలు తీయలేదు, సినిమా హాల్లో కూడా. అదే వారం ఫిల్మ్ నగర్ నుంచి ఒక సంగీత దర్శకుడు ఫోన్ చేశాడు. హీరో పాటలో కోరస్ నేను పాడాలి, డ్రమ్స్ యాదగిరి వాయించాలి. ఆ పిలుపు కోసమే మేం మూడేళ్లుగా ఆయన ఆఫీసు మెట్లు అరగదీశాం.

"చార్టులో మొదటి స్థానంలో ఉన్నవాళ్లం సార్. కోరస్ పాడితే అభిమానులు నొచ్చుకుంటారు" అన్నాను.

"వాళ్లని నొప్పించొద్దు బాబూ" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

పక్కనే వింటున్న యాదగిరి ముఖం పాలిపోయింది. "అభిమానులంటే ఎవరన్నా?"

"రాష్ట్రమంతా ఉన్నారు."

"ఒక్కడన్నా ఫోన్ చేసిండా?"

"మొహమాటం" అన్నాను.

మర్నాడు ఒక పెద్ద నిర్మాతగారి భార్య ఫోన్ చేశారు. "ఆదివారం మా ఇంటికి రావాలండీ. మీ పాట లేకపోతే మా మనవడు ఉండలేడు." నిర్మాత మనవడంటే కాబోయే హీరో అని ఫిల్మ్ నగర్‌లో ఎవర్నడిగినా చెబుతారు. కొత్త హీరో మొదటి సినిమా, సంగీతం 'ఉరుము' అని పోస్టరు కూడా ఊహించేసుకున్నాను.

ఆదివారం డ్రమ్సు, స్పీకర్లు ఆటోట్రాలీలో వేసుకుని వెళ్లాం. "హీరోగారు ఎక్కడండీ?" అని అడిగాను.

ఆవిడ వెండి ఉయ్యాల చూపించారు. "పది నెలలండీ. మీ పాట వింటేగానీ కన్ను మూయడు. ఇవాళ చుట్టాల సందడిలో నిద్రపోడని ముందే అనుకుని మిమ్మల్నే పిలిపించాను. జోలపాటల్లో మీదేగా నెంబర్ వన్."

"జోలపాటలా?"

ఆవిడ ఫోన్ చూపించారు. చిన్న అక్షరాల్లో ఉన్నది అదే.

మీ దగ్గర దాపరికమెందుకు? పాట ఎక్కించేటప్పుడు, ఇది దేనికి సంబంధించిందని యాప్ అడిగింది. ప్రేమపాటల్లో పోటీ ఎక్కువని, పాటలో నిద్ర అన్న మాట పదకొండుసార్లు ఉందని, 'నిద్ర' మీద టిక్కు పెట్టింది నేనే. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"మరి డ్రమ్స్ రాగానే బాబు లేవడా అండీ?"

"డ్రమ్సా? నిమిషంలో పడుకుంటాడు, మేం ఆపేస్తాం. తర్వాత ఏముందో ఎప్పుడూ వినలేదు."

నా అభిమానులది మొహమాటం కాదని అప్పుడర్థమైంది. వాళ్లకింకా మాటలు రాలేదు.

గిటార్ మొదలుపెట్టాను. బాబు కళ్లు బరువెక్కాయి. నిమిషంన్నర దగ్గర ఆపేద్దామని యాదగిరికి చెప్పడం మరిచిపోయాను. వాడు దిగాడు.

బాబు ఏడుపు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా వినిపించి ఉంటుంది. ఒక పెద్దాయన పంచె మీద కాఫీ ఒలికింది.

"ఎందుకు వాయించావురా?"

"నువ్వు వద్దనలే గదన్నా."

నిర్మాతగారు లేచి నిలబడ్డారు. "అసలు మీరు చేసే సంగీతం ఏమిటి బాబూ?"

పోయిన పరువు తిరిగి తెచ్చుకోవడానికి ఇంతకంటే అవకాశం రాదనిపించింది. మైకు అందుకుని నా సంగీత ప్రస్థానం వివరించాను. చిన్నప్పటి బడి ప్రార్థన నుంచి మొదలుపెట్టి, తెలుగు ఆత్మకు పాశ్చాత్య లయ ఎందుకు అవసరమో చెప్పేసరికి హాలంతా నిశ్శబ్దమైపోయింది. ముగ్ధులయ్యారనుకున్నాను.

ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని దగ్గరకొచ్చారు. బాబు నిద్రపోతున్నాడు. సోఫాలో నిర్మాతగారు కూడా.

"పాట అక్కర్లేదు నాయనా. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి ఇలాగే ఒక పావుగంట మాట్లాడితే చాలు" అన్నారు.

యాదగిరి సోమవారమే ఫిల్మ్ నగర్ వెళ్లి సంగీత దర్శకుడి కాళ్లావేళ్లా పడ్డాడు. ఆ హీరో పాటలో మీరు వింటున్న డ్రమ్స్ వాడివే. కోరస్‌లో నేను లేను. కాబట్టి పాఠక మహాశయులారా, గిటార్ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇక మీదట ఏ జాబితాలోనైనా నా పేరు పైన కనబడితే, అది దేని జాబితానో చదివాకే గర్వపడతాను.