పెట్టె మీద కూర్చున్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మొన్న బుధవారం పొద్దున కబురొచ్చింది. కొత్తగూడ నుంచి ఆమె అల్లుడు సైకిల్ మీద వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "అత్తమ్మ పోయిందక్కా" అన్నాడు. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి బయలుదేరాను. తిరిగొచ్చాక ఇది రాయడానికి కూర్చుంటే ఏడుపు రావాలి కదా, రావడం లేదు. ఆమెను తలుచుకున్నప్పుడల్లా నాకు ఒంట్లో హుషారు పుడుతుంది. ఇవాళా అంతే. తప్పనుకునేవాళ్లు అనుకోండి, ఆమె మాత్రం అనుకోదు.

ఆమె నాకు చుట్టం కాదు. బాలానగర్‌లో మేం అద్దెకున్న ఆరు పోర్షన్ల వరసలో చివరిది ఆమెది, దాని పక్కది మాది. మా ఇంటి ఓనరుకు కూకట్‌పల్లి దాటాక ద్రాక్షతోట ఉండేది. భర్త పోయిన ఈ మనిషి అందులో కూలికి వెళ్లేది. నేను తెనాలి నుంచి కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని. మొదటిరోజు "పెద్దమ్మగారూ, కాస్త నిప్పు ఇస్తారా అండీ" అని అడిగితే పడీపడీ నవ్వింది. "గారు గీరు ఏంది బిడ్డా? పెద్దమ్మా అను, సాలు" అంది. మర్నాటి నుంచి తలుపు కొట్టకుండా లోపలికి రావడం, గిన్నె మూత తీసి చూడడం, "చప్పగున్నది" అంటూ నా కూరలో ఉప్పు వేసిపోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండేది. కానీ కూర బాగుండేది, ఏం చేస్తాను!

ఏడాది తిరక్కుండా మా ఆయన పనిచేసే మోటార్ల ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆయన రోజూ ఉతికిన చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్లి, తాళం చూసి వచ్చేవాడు. అద్దె ఒకటి, రెండు, మూడు, నాలుగు నెలలు నిలిచిపోయింది. నా గాజులు కిరాణా కొట్టు బాకీకే సరిపోయాయి. యూనియన్ వాళ్లు పోగుచేసిన చందా జబ్బు మనుషులున్న ఇళ్లకు వెళ్లింది, అది న్యాయమే. మా అన్నయ్యకు ఉత్తరం రాస్తే, ధైర్యంగా ఉండమని రెండు పేజీలు రాశాడు. ధైర్యం మాత్రం పంపాడు మహానుభావుడు.

ఓనరు చెడ్డవాడేం కాదు. తోట మీద అప్పు తెచ్చి కూర్చున్నవాడు. అందరూ పటేలా అని పిలిచేవారు. ఒకరోజు వచ్చి, "అమావాస్య దాక చూస్త. ఇగ నా తోని కాదు. ఇల్లు ఖాళీ జేయుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ దగ్గర భోరుమన్నాను. ఎంత బాకీ అని ఆమె అడగలేదు.

"మీ ఆయనకేం పని ఒస్తది?" అంది.

"ఫ్యాక్టరీ పని" అన్నాను.

"గది నాకెర్కే. చేతులతోని ఏం జేస్తడు?"

"కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుడతారు."

ఆమె తల ఊపి, ఆకూ వక్కా నోట్లో వేసుకుని లేచిపోయింది. ఇంతేనా అనుకున్నాను. నిజంగానే తిట్టుకున్నాను.

అమావాస్య మర్నాడు పొద్దున ఎడ్లబండి వచ్చి మా వాకిట్లో ఆగింది. పటేల్, ఇద్దరు కూలీలు దిగారు. మంచం, పరుపు, గిన్నెల బుట్ట ఒక్కొక్కటే వాకిట్లోకి వచ్చాయి. చివరికి మా ఆయన ఇనప్పెట్టె తెచ్చి పెట్టారు. మా ఆయన వేపచెట్టు మొదట్లో తల దించుకుని నిలబడ్డాడు. వరసలోని ఆడవాళ్లంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుంటే నాకు చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు రోడ్డు మీద నుంచి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది! తోటకు వెళ్లిన మనిషి, బండి మా ఇంటికి బయలుదేరిందని విని, చెంగు నడుముకు బిగించి, అంత దూరం పరుగున తిరిగొచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి ఆ ఇనప్పెట్టె మీద చతికిలబడింది. పొట్టి మనిషి, కాళ్లు నేలకు ఆనలేదు. కూలీలు పెట్టె పట్టుకోబోతే, "నే లెవ్వ. నన్ను గూడ బండిల ఎయ్యి" అంది ఆయాసపడుతూ.

"లెవ్వు, నీకెందుకు నడుమల?" అన్నాడు పటేల్.

"మోటారు నిన్న కాలింది గదా పటేలా. తోటకు నీళ్లెట్ల?"

"రాణీగంజ్ మోటార్ల దుకాన్ల పోయి అడిగిన. పది దినాలు పడ్తదన్నరు" అన్నాడాయన. కాయ ఊరే రోజులవి. పది రోజులు నీళ్లు ఆగితే ఏడాది పంటంతా గోవిందా.

పెద్దమ్మ అప్పుడు దిగి పెట్టె మూత ఎత్తింది. లోపల మా ఆయన పనిముట్లన్నీ గుడ్డల్లో చుట్టి వరసగా ఉన్నాయి. "మోటార్లు చుట్టెటోణ్ణి ఇంట్ల పెట్టుకోని రాణీగంజ్ ఎందుకు పోయినవు? జర చూడు!" అంది. పటేల్ మా ఆయన వంక అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. ఇన్ని నెలలూ ఈయన తన పని గురించి ఆయనతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఒకే వాకిట్లో మందూ ఉంది, రోగమూ ఉంది, మధ్యలో మాట లేదు!

"ఎన్ని దినాలు?" అని అడిగాడు పటేల్.

"రాగితీగ తెప్పిస్తే రెండు రోజులండీ" అన్నాడు మా ఆయన.

"మోటారు నడుస్తెనే సామాను లోపలికి. లేకుంటె గిదే బండి, గిదే సామాను."

మమ్మల్ని దింపిరావడానికి వచ్చిన బండే వెళ్లి కాలిన మోటారును మోసుకొచ్చింది. ఆ రెండు రోజులూ మా సంసారం వాకిట్లోనే. మంచం మీద మోటారు విడిభాగాలు, మేం చాప మీద! మా ఆయన తీగ చుడుతుంటే చుట్లు లెక్కపెట్టే పని మా ఆడవాళ్లది. తోటలో గంపలు లెక్కపెట్టినట్టు పెద్దమ్మ ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టి, ఒక చింతగింజ పక్కన పెట్టేది. మూడు గింజలైతే ఒక కాయిల్. మధ్యలో ఎవరైనా నవ్విస్తే కళ్లెర్రజేసేది. వార్నిష్ పూశాక మోటారును నా బొగ్గుల కుంపటి సెగన ఆరబెట్టాం. పప్పులోనూ చారులోనూ ఆ వాసనే. అయినా అంత కమ్మటి భోజనం నేను మళ్లీ తినలేదు.

మూడోరోజు పొద్దున అందరం తోటకు వెళ్లాం. మోటారు బిగించి, పంపు నిండా బకెట్లతో నీళ్లు పోసి, పటేల్ స్విచ్ వేశాడు. తిరిగింది! గుయ్‌మని తిరిగింది! కానీ గొట్టంలోంచి చుక్క రాలేదు. పటేల్ మొహం నల్లబడింది. నా కళ్ల ముందు ఆ బండి కనిపించింది. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు. అంతటి మనిషికీ భయమేసిందని నాకు తెలిసింది అప్పుడే.

మా ఆయన నవ్వాడు! నాలుగు నెలల్లో మొదటిసారి. "ఎదురు తిరుగుతోందండీ, అంతే" అని కరెంటు ఆపించి, రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. మళ్లీ స్విచ్ వేయగానే గొట్టం ఒకసారి దగ్గి, భళ్లున నీళ్లు కక్కింది. పెద్దమ్మ కేక పెట్టింది చూడండి! కాలువ వెంట నీళ్లకంటే ముందు పరుగెత్తింది, "ఒస్తున్నయ్, ఒస్తున్నయ్" అని ద్రాక్షతీగలకు చెబుతూ. ఆమె వెనక నేను, నా వెనక తోటలోని కూలీలంతా.

"సామాను లోపల పెట్టుకోండ్రి" అన్నాడు పటేల్. అక్కడితో ఊరుకుంటే ఆమె పెద్దమ్మ ఎలా అవుతుంది? తడిసిన చీరతో తిరిగొచ్చి, "కూలి మాట? రెండు నెలల కిరాయి ఇగ అడగొద్దు. కడమ రెండు నెలలది, కంపెనీ తెరిచినంక ఇస్తరు" అంది. ఆయన కాసేపు గొణిగి సరేనన్నాడు. ఫ్యాక్టరీ తెరిచాక మాట ప్రకారం ఇచ్చేశాం. ఈలోగా చుట్టుపక్కల తోటల మోటార్లన్నీ మా వాకిటికే వచ్చాయి.

ఆ తర్వాత ఆ వరసలో ఎవరికి అద్దె ఆగినా పెద్దమ్మ దగ్గరికే వెళ్లేవారు. అప్పు ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది! "నీకేం పని ఒస్తది?" అని అడిగేది. ఆ పని ఎవరికి కావాలో వెతుక్కుంటూ తిరిగేది. కుట్టుపని వచ్చినామెకు పటేల్ చెల్లెలి ఇంట్లో పెళ్లి బట్టలు కుట్టే పని దొరికింది. సున్నం వేసే ఆయన ఆరు పోర్షన్లకూ వేసి బాకీ తీర్చుకున్నాడు. "నెల తప్పినోడు దొంగ గాదు బిడ్డా" అనేది ప్రతిసారీ. నన్ను నేను దొంగలా చూసుకున్న ఆ రోజులు గుర్తొచ్చి, ఆ మాట విన్నప్పుడల్లా నా కళ్లు చెమ్మగిల్లేవి. పెద్దమ్మా, నీకు నేను ఒక్కసారైనా సరిగ్గా చెప్పలేదు. మమ్మల్ని నిలబెట్టింది నువ్వే.

మేం కంపెనీ క్వార్టర్స్‌కు మారిన రోజు, "గా పెట్టె నాకిచ్చి పో" అంది. మా ఆయన పనిముట్లు ఇంకో దాంట్లో సర్దుకుని ఇచ్చేశాడు.

బుధవారం కొత్తగూడలో, అంతా అయ్యాక, ఆమె కూతురు ఇంట్లో గోడ వారగా ఆ పెట్టె కనిపించింది. కూతురు నాకు చాప పరచబోయింది. వద్దని వెళ్లి పెట్టె మీద కూర్చున్నాను. జనం వస్తున్నారు, పోతున్నారు. చాలాసేపు అలాగే కూర్చున్నాను. లేవమని నన్ను ఎవరూ అనలేదు.