చీర అడిగితే పరదా చూపించిన సెర్చ్

ఒక తలుపు పరదా వల్ల నా పెళ్లి ఆగిపోబోయింది. నవ్వదలచుకుంటే నవ్వండి, ప్రొద్దుటూరు మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

మా పెదనాయనది బట్టల అంగడి. అందులో ఒకటే చట్టం: వచ్చినవాళ్లు ఏమడిగినా "లేదు" అనకూడదు. నీలం చీర అడిగితే పచ్చది పరిచి, "ఎండలో చూడక్కా, నీలమే" అనాలి. పంచె లేకపోతే లుంగీ చూపించాలి. నేను ఆ చట్టంలోనే పెరిగాను.

అంగడిని ఆన్‌లైన్‌లో పెట్టే పని, డిగ్రీ చదివిన పాపానికి నా నెత్తిన పడింది. సైటు చేసిచ్చిన కడపాయన ఓపిగ్గా చెప్పాడు: "సెర్చ్‌కు తెలివి ఉండదన్నా. మనిషి కొట్టిన మాట ఏ సరుకు కింద రాసుంటే ఆ సరుకు చూపిస్తాది. చీర కింద చీర మాటలే రాయి."

"ఏ సరుకు కిందా లేని మాట కొడితే?"

"లేదని చెప్తాది."

లేదని చెప్తుందట. అదీ మా అంగడి బోర్డు పెట్టుకుని. ఒళ్లు మండింది. కూర్చుని, ప్రతి సరుకు కిందా అన్ని సరుకుల మాటలూ రాశాను. తువ్వాలు కింద పట్టు చీర, పట్టు చీర కింద దిండు గలీబు. "అల్లుడికి బట్టలు కావాల" అని జనం అడుగుతారు కదా, అల్లుడు కూడా రాశాను. పేర్లు సైతం అన్నిటికీ "పట్టు చీర" అనే మొదలుపెట్టాను. ఇక ఎవరేం కొట్టినా అంగడంతా బయటికొచ్చేది. అన్నిటికీ అవే మాటలు గనక ఏది ముందో తేలక, సెర్చ్ ఆఖరున ఎక్కించిన సరుకును పైన పెట్టేది. అప్పుడు ఆఖరున ఎక్కించింది, జరీ అంచున్న ఎర్ర పరదా. మడిచి తీసిన ఫోటోలో అది చీరకంటే బాగుంది.

సరిగ్గా అప్పుడే జమ్మలమడుగులో నాకు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు హేమలత. చూసొచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు, మీ దగ్గర దాచేదేముంది. నిశ్చితార్థం చీర మా అంగట్లోనే కొనాలని, అభిమానం కొద్దీ వాళ్లు సైటులో "పట్టు చీర" అని కొట్టి, మొదట కనిపించింది తెప్పించుకున్నారు.

పార్సెల్ విప్పిన మర్నాడే ఆమె తండ్రి దాన్ని చంకన పెట్టుకుని, కూతురితో సహా అంగట్లో దిగాడు.

"ఏంది బావా ఇది?"

"చీరే బావా," అన్నాడు పెదనాయన, అలవాటు కొద్దీ.

"చీరకు ఈ రింగులేంది?"

"కొత్త మోడలు. పిన్నీసుల పనుండదు."

ఆయన పరదాను నిదానంగా మడిచాడు. "చీరకే ఇట్ల చెప్తాండారే, పిల్లోని గురించి ఇంకేమేం చెప్పినారో. ఈ సంబంధం మాకొద్దులే."

దాన్ని గల్లా మీద పెట్టి గడప వైపు తిరిగాడు.

"ఉండు నాయనా," అంది హేమలత. ఫోన్ తీసి మా సైటులో "అల్లుడు" అని కొట్టి, తండ్రికి చూపించింది. పైన ఎర్ర పరదా ఉంది.

"ఏం కొట్టినా ఇదే వస్తాంది. సరుకుల కింద ఈ మాటలు రాసిందెవరు?" అంది నన్నే చూస్తూ.

పెదనాయన నోరు తెరవబోయాడు. ఆయనకంటే ముందే నేను, "నేనే," అన్నాను. "అది తలుపు పరదా. మీరు ఫోటోలో చూసిన చీర మా దగ్గర లేదు."

ఆ అంగట్లో "లేదు" అనే మాట పుట్టడం అదే మొదలు. పెదనాయన బట్టల తాను పట్టుకుని కూలబడ్డాడు.

"ఈడ ఒకడన్నా నిజం చెప్తాండాడు," అని ఆమె తండ్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ తాగి, ముహూర్తం మాట కూడా ఆయనే ఎత్తాడు.

ఆ పరదా ఇప్పుడు మా పడకగది తలుపుకు వేలాడుతోంది. పెళ్లైన కొత్తలో దాని మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: లేనిదాన్ని ఉందని ఈ జన్మలో చెప్పను.

మొన్న పులివెందులలో హేమలత వాళ్ల చెల్లెలి గృహప్రవేశానికి పోతూ, పెట్టాల్సిన బట్టలున్న సంచి బస్సులోనే మరిచి దిగాను.

"నీకు బుద్ధుందా?" అంది హేమలత, నడిబజార్లో నిలబెట్టి.

ప్రమాణం గుర్తొచ్చింది. "లేదు," అన్నాను.